ఇద్దరికీ కనపడనివి

మా ఆపా పోయింది. మొన్న తెల్లవారుజామున నమాజు చేసుకుని, కూతురిని టీ పెట్టమని చెప్పి, ఆ టీ వచ్చేలోపల గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్లిపోయిందట. ఎనిమిది గంటలకు ఆ కూతురే ఫోన్ చేసింది. "అమ్మీ పోయింది మేడం. తనకేమన్నా అయితే మీకు ముందు చెప్పమని ఎప్పుడూ అంటుండేది" అంది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు ముందు దుఃఖం రాలేదు. కుళ్లు వచ్చింది. చావడం కూడా నాకంటే బాగా చేసింది చూడు, ఎవరిచేతా ఒక గ్లాసు మంచినీళ్లు పోయించుకోకుండా దాటిపోయింది అనుకున్నాను. రెండేళ్లుగా మోకాళ్లకు నూనె రాయించుకుంటూ ఇంటిల్లిపాదినీ విసిగిస్తున్న దాన్ని నేను. ఏడుపు వచ్చింది, వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈ వరస చూస్తే ఆవిడే ముందు నవ్వేది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచిమాటలే రాయాలంటారు. నేను ఆవిడ గురించి ఒట్టి మంచిమాటలు రాస్తే మీరు నమ్ముతారేమో గానీ ఆవిడ నమ్మదు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ముందు అసూయ. తర్వాత వచ్చినవన్నీ దాని మీద మొలిచినవే. అందుకని ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఎనభైల మొదట్లో మాట. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫస్టుక్లాసులో పాసయి, గురజాల పక్కన మా ఊళ్లో ఖాళీగా కూర్చున్నాను. పెళ్లి చేసెయ్యమని బంధువులు, ఒక్క ఏడాది ఆగమని నేను. అప్పుడు మా ప్రొఫెసరుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. విదేశంలో ఎక్కడో భూమి కింద గుండ్రటి సొరంగం తవ్వి, అందులో కణాల గుంపులు రెండింటిని ఎదురెదురుగా పరిగెత్తించి ఢీకొట్టిస్తున్నారు. ఢీకొన్నచోట కొత్త కణాలు పుట్టి నలువైపులా చిమ్ముతాయి. అవి పోయిన దారి సన్నటి గీతలుగా మెరిసేటట్టు ఒక పెద్ద పెట్టె కట్టి, ఆ గీతలకు ఫోటోలు తీస్తారు. ఫోటోలు తీసింది యంత్రమే అయినా, వాటిలో ఏముందో చూసి చెప్పడానికి ఆ రోజుల్లో మనిషి కళ్లే దిక్కు. అందుకని ఆ ఫిల్మ్ రోళ్లను దేశదేశాల యూనివర్సిటీలు పంచుకున్నాయి. మా ప్రొఫెసరుగారిది పలనాడే. యూనివర్సిటీలో గది చాలక, తన వాటా రోళ్లలో కొన్నింటినీ ఒక పాత స్కానింగ్ టేబుల్‌నూ లారీకెక్కించి, నరసరావుపేటలో తనకు తెలిసిన కాలేజీకి పంపించారు. "ఈ రోళ్లు పూర్తయ్యేసరికి నీ పని చూసి పీహెచ్‌డీకి రిజిస్టర్ చేస్తాను" అని ఉత్తరం చివర రాశారు. ఆ ఒక్క వాక్యం కోసం నేను పెట్టె సర్దుకుని నరసరావుపేటలో మా మేనత్త ఇంట్లో దిగాను.

ఫిజిక్స్ ల్యాబ్ వెనకాల పాత సామాన్ల గది మాకిచ్చారు. కిటికీలకూ గుమ్మానికీ నల్లగుడ్డలు కొట్టారు. ఫోటో పైనుంచి వెలుగుతో పాటు తెల్లటి టేబుల్ మీద పెద్దదై పడేది. పక్కన హ్యాండిల్ తిప్పితే ఇంకో ఫోటో. ఒక్కో రోలులో వందల ఫోటోలు. ఫ్యాను వేస్తే ఫిల్మ్ రెపరెపలాడుతుందని ఆపేసేవాళ్లం. మే నెలలో, నరసరావుపేటలో, నల్లగుడ్డల మధ్య ఫ్యాను లేకుండా కూర్చోవడమంటే ఏమిటో పలనాటివాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ప్రొఫెసరుగారు మొదటిరోజు నాకు పని నేర్పుతున్నారు. మధ్యలో ఒక చుక్క, అక్కడినుంచి ఇరవై ముప్పై గీతలు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. "ఇందులో ఒక గీత దారిలో విరుగుతుంది. అంటే ఆ కణం అక్కడ చనిపోయి ఇంకొకటి పుట్టింది. వెతుకు" అన్నారు. నేను ముక్కు టేబులుకు ఆనించి వెతుకుతున్నాను. ల్యాబ్ అటెండరు మంచినీళ్ల కూజా పెట్టడానికి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, వాయిల్ చీర, తల మీద కొంగు. కాలేజీ అంతా అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్లు. నా భుజం మీదుగా ఒక్కసారి చూసి, "ఈ గీత ఏంది సార్, మధ్యలో ఇరిగింది?" అని తడివేలు పెట్టింది.

ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచారు. "ఈ పని ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నేర్చుకునేదేముంది సార్. చిన్నప్పుడు మా అమ్మతో మిరపకల్లాల్లో తాలుకాయలు ఏరేదాన్ని. ఎర్రకాయల్లో తెల్లకాయ కనపడ్డట్టే కనపడింది."

ఈ పనికి ఇద్దరు కావాలి. లెక్చరర్లను అడిగితే చీకటిగదిలో గీతలు చూసే ఉద్యోగం మాకెందుకని తప్పుకున్నారు. ప్రొఫెసరుగారు ప్రిన్సిపాలుతో మాట్లాడి, పొద్దున ఊడ్పు అయిపోయాక ఆపాను టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున ఆవిడ, మధ్యాహ్నం నేను. అయిదో తరగతితో ఆగిపోయిన అటెండరూ, ఫస్టుక్లాసు ఎమ్మెస్సీ ఒకే కుర్చీలో! నాకు ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం "చాలా సంతోషం సార్" అన్నాను.

మేము వెతకవలసినవి మూడు రకాలు. ఏ గీతా తాకకుండా ఉన్నట్టుండి గాలిలోంచి రెండు గీతలు చీలినట్టుండేది ఒకటి. గీత దారిలో విరిగేది రెండోది. మూడోది అరుదు. దాని కోసమే ఇంత తతంగం. ఒక గీత విరుగుతుంది, అక్కడినుంచి కొంచెం దూరం ఏమీ ఉండదు, ఖాళీ. ఆ ఖాళీ అవతల రెండు గీతలు చీలుతాయి. ఆ చీలిక మొన సరిగ్గా ఆ విరుపు వైపే చూస్తుంటుంది. అంటే ఒక కణం చస్తూ కంటికి కనపడని ఇంకోదాన్ని కన్నది, అది గీత పడకుండా నడిచి నడిచి అవతల చచ్చింది. ఇంగ్లీషులో వీటికి పేర్లున్నాయి. ఆపా ఆ పేర్లు పట్టించుకోలేదు. చీలికకు పంగ అనీ, విరుపుకు కొంకి అనీ పేరు పెట్టి, అరుదైన దాన్ని కొంకిపంగ అంది. అంతే కాదు, రిజిస్టరులో అలాగే రాసింది. నేను ఆ పుస్తకం ప్రొఫెసరుగారికి చూపించి, "ఇదేంటో చూడండి సార్" అన్నాను, తిడతారని. ఆయన పకపకా నవ్వి, ఆ రోజు నుంచి తనూ కొంకిపంగ అనడం మొదలుపెట్టారు. నాతో కూడా!

ఆవిడ చూసే పద్ధతే నాకు అర్థమయ్యేది కాదు. నేను ఒక్కో గీతనీ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వేలితో నడిపించేదాన్ని. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి, కళ్లు సగం మూసి, సోంపు నములుతూ, ఊడ్చిన గదిని ఒకసారి చూసుకున్నట్టు చూసేది. "గుచ్చిగుచ్చి చూడమాకండి మేడం. గుచ్చి చూస్తే మీకు కావాల్సిందే కనపడుద్ది. ఉన్నది కనపడదు" అనేది. నాకు పాఠం చెప్పేంతటిదా అని మూతి ముడుచుకునేదాన్ని. చెప్పేది నిజమే కదా అని తెలిసి ఇంకా మండేది.

ఇక్కడ ఒక్క నియమం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు తెలియదు. ఒకే రోలును ఇద్దరం విడివిడిగా చూడాలి. నా రిజిస్టరు నా సొరుగులో, ఆవిడది ఆవిడ సొరుగులో. రోలు ఇద్దరిదీ పూర్తయ్యేదాకా ఏ ఫోటోలో ఏం చూశామో ఒకరికొకరు చెప్పుకోకూడదు. ఎందుకూ అని నేను అడక్కముందే ఆపాకు తెలుసు. కల్లంలో కూడా మేస్త్రీ ఒక కుప్ప మీదికి ఇద్దరిని పంపేవాడట, ఒకరు చూసింది రెండోవాళ్లకు చెప్పకుండా. ఇద్దరూ దాదాపు అవే తాలుకాయలు చూపిస్తే కుప్ప శుభ్రం. ఒకరు చూపించినవి ఒకరు చూడకపోతే, ఇద్దరూ చూడనివి ఆ కుప్పలో ఇంకా ఉన్నాయన్నమాట. ఎన్ని ఉంటాయో కూడా ఒక అంచనా కట్టొచ్చు. ప్రొఫెసరుగారు దాన్నే బోర్డు మీద సూత్రంగా రాశారు. మా ఇద్దరి పుస్తకాల్లో కలిసినవి ఎన్ని, కలవనివి ఎన్ని అన్నదాన్నిబట్టే, మాకిద్దరికీ కనపడనివి ఎన్నో ఆయనకు తెలిసేది.

ఆయన నెలకోసారి శనివారం పొద్దున పాసింజరులో వచ్చి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకునేవారు. మూడు నెలలు వరసగా అదే కథ. కొంకిపంగలు ఆవిడకు ఎక్కువ, నాకు తక్కువ. నాకు దొరికి ఆవిడకు దొరకనివి కూడా ఉండేవి గానీ, అవి ఎవరికి కావాలి? మూడోసారి ఆయన లెక్చరర్లందరి ముందూ, "ఆపా కళ్లు యూనివర్సిటీలో కూడా లేవు" అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వు ఇంకొంచెం జాగ్రత్తగా చూడమ్మా" అన్నారు. ఆ పూట మా మేనత్త నేను తినకుండా లేచిపోతే, "ఏమే, ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అంది. ఎవరన్నా ఏమన్నా అంటే బాగుండేది. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను, అంతే.

ఆపా తన సొరుగుకు తాళం వేసేది కాదు. మనుషులం కదా, తాళమెందుకు అనేది. ఒక మధ్యాహ్నం నేను ఆ సొరుగు తీశాను. ఆవిడ రాసిన ఫోటో నంబర్లు చూసి, ఆ ఫోటోలు టేబుల్ మీదికి తెచ్చుకున్నాను. ఉన్నాయి. కొంకి ఉంది, ఖాళీ ఉంది, పంగ ఉంది. నా కళ్లతో నేనే చూశాను గదా, ఇది దొంగతనం ఎట్లా అవుతుంది అనుకుని నా పుస్తకంలో రాసుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే అదే. అలా మూడు రోళ్లు. మూడో రోలుకు వచ్చేసరికి ఫోటోలు చూడటం కూడా మానేశాను. నంబర్లు దించేసుకున్నాను.

ప్రొఫెసరుగారు వచ్చే వారంలో, ఒకరోజు ఆపా మధ్యాహ్నం ఇంటికి పోకుండా గది గుమ్మంలో నిలబడింది. నల్లగుడ్డ వెనక్కి లాగింది. ఎండంతా లోపలికి పడింది.

"మూడో రోలు రెండొందల పన్నెండో ఫోటోలో ఏం చూశావు?"

అప్పటిదాకా నన్ను మేడం అనే మనిషి. నేను తడబడి, "కొంకిపంగ" అన్నాను.

"తెల్ల ఫోటో అది. కెమెరా ఉత్తినే కొట్టిన ఫోటో. ఒక్క గీత కూడా లేదు. పెన్సిల్‌తో కొంకిపంగ అని రాసి పెట్టా, నువ్వు రాసుకున్నాక రబ్బరు పెట్టి తుడిచేశా. నా పుస్తకంలో పేజీలు మడిచి ఉంటే నాకు తెలవదనుకున్నావా?"

తేలు కుట్టిన దొంగలా నా పుస్తకం మూసేశాను. ఆవిడ తిట్టే తిట్టు కోసం ఎదురుచూశాను. నా చూపు దొంగిలించావంటుందనుకున్నాను. ఆవిడ అన్నది వేరు.

"నావి రాసుకుంటే రాసుకున్నావు, పోనీ. లెక్క చెడగొట్టావు గదే! రెండు పుస్తకాలూ ఒకటే అయితే సారు ఏమనుకుంటాడు? అన్నీ దొరికినయ్, ఇంకేం మిగల్లేదనుకుంటాడు. నీకూ నాకూ కనపడనియ్యి ఉన్నయ్యే అందులో. అయ్యి ఉన్నయ్యని ఇప్పుడెవరు చెప్తారు? నీకు కనపడంది నాకు, నాకు కనపడంది నీకు కనపడుద్దని గదా ఇద్దర్ని పెట్టింది!" అంది. తర్వాత మెల్లగా, "నీ పుస్తకం చూడాలని నాకు లేదనుకున్నావా? నాకు దొరకనియ్యి నీకు దొరికినయ్యని సారు చెప్పినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు" అంది.

ఆ మాట నా చెవికెక్కలేదు. నా రిజిస్ట్రేషన్ గురించే ఏడ్చాను. ఇంట్లో పెళ్లికి ఇంక ఆగరనీ, ఇది పోతే నా చదువు అయిపోయినట్టేననీ కాళ్లు పట్టుకోబోయాను. ఆపా వెనక్కి జరిగింది. "సారుకు నువ్వే చెప్పు. నేను చెప్పను" అంది.

శనివారం వచ్చింది. ప్రొఫెసరుగారు, మా డిపార్టుమెంటు హెడ్డుగారు, మేమిద్దరం. ఆయన పుస్తకాలు చూస్తూ మొదట ముచ్చటపడ్డారు. తర్వాత మొహం మారింది. "ఇంత కలవడం మనిషి కళ్లవల్ల కాదు. ఎవరో ఎవరి పుస్తకమో చూశారు" అన్నారు. హెడ్డుగారు గొంతు సవరించుకుని, "ఇందులో అనుమానం ఏముందండీ. ఎమ్మెస్సీ చదివిన పిల్ల అటెండరు పుస్తకం చూసి రాసుకుంటుందా?" అన్నారు. ప్రొఫెసరుగారు ఇంకా తటపటాయిస్తున్నారు. నా పుస్తకంలో ఒక నంబరు దగ్గర వేలు పెట్టి, "ఇదొక్కటి ఈ అమ్మాయి పుస్తకంలోనే ఉంది. రెండొందల పన్నెండు. ఆవిడ చూసి రాస్తూ ఇది వదిలేసి ఉంటుంది" అన్నారు.

ఆ తెల్ల ఫోటో నాకు సాక్ష్యమైంది! ఆపా ఒక్క మాట అంటే చాలు. ఆ ఫోటో టేబుల్ మీద పెట్టండి సార్ అంటే చాలు. అనలేదు. నన్ను చూసి, "సార్, మేడం ఏదో చెప్పాలంట" అంది.

"నేనా? ఏమీ లేదు సార్" అన్నాను.

మూడు రోళ్లూ పక్కన పడేశారు. ఆపాను టేబుల్ దగ్గర్నుంచి తీసేసి, పాత పనికే పంపించారు. బూజుకర్ర, ఫినాయిలు బకెట్టు. ఆవిడ చోటులో ఒక ట్యూటరుగారు బలవంతాన కూర్చున్నారు. ఆయన ఫోటోలు చూస్తూ కునుకు తీసేవారు. ఇప్పుడు ఆ గదిలో నేనే గొప్ప. నాకు కావలసిందంతా నాకొచ్చింది.

వచ్చి ఏం లాభం, నాకు కొంకిపంగ అన్నది కనపడటం మానేసింది. గుడ్డ అవతల వరండాలో ఆపా ఊడుస్తూ పాట పాడేది. ఎప్పుడూ లేంది, గట్టిగా. కుళాయి దగ్గర ఆడవాళ్లతో వేళాకోళాలు, నవ్వులు. నేను చీకట్లో చెమటలు కక్కుతూ, నిద్రలేక కళ్లు మండుతూ కూర్చుంటే, ఈ మనిషికి ఇంత హాయి ఎక్కడినుంచి వచ్చింది? నేను దోచుకున్నదాన్ని, దోపిడీకి గురైన మనిషి పాటలు పాడుకుంటోందా? పదిహేను రోజులు ఆ పాట విన్నాను. పదహారో రోజు భరించలేక ఇన్‌ల్యాండు లెటరు తెచ్చి ప్రొఫెసరుగారికి అంతా రాసేశాను. చాలామంది నన్ను నిజాయితీపరురాలంటారు, ఆ ఉత్తరం సంగతి తెలిసినవాళ్లు. కాదు. ఆ పాట ఆపించాలనే రాశాను. నా ఒప్పుకోలు కూడా ఓర్వలేనితనంలోంచే పుట్టింది.

చాలా ఏళ్లకు, మాచర్లలో మా ఇంట్లో కూర్చుని ఈ సంగతి చెబితే ఆపా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "హాయేందే పిచ్చిదానా! ఇంటికిపోయి రోజూ ఏడ్చేదాన్ని. నీకు కనపడకూడదని పాడా" అంది. మరి ఆ రోజు ఫోటో ఎందుకు బయటపెట్టలేదని అడిగాను. "నేను బయటపెడితే నువ్వు దొంగవయ్యేదానివి. నువ్వు చెబితే తప్పు చేసిన పిల్లవి. ఆ తేడా కోసం చూశా. ఇంకో వారం చూసి నేనే చెప్పేదాన్ని, ఏమనుకున్నావో. నాకూ ఉడుకు ఉంటది గదా!"

ప్రొఫెసరుగారి జవాబు పోస్టుకార్డు మీద వచ్చింది, నాలుగు వాక్యాలు. ఆపాను తిరిగి కూర్చోబెట్టండి. ఆ మూడు రోళ్లూ ఇద్దరూ మళ్లీ మొదటినుంచి చూడండి. నీ రిజిస్ట్రేషన్ సంగతి ఇక ఎత్తవద్దు. ఆపాకు నా తరఫున క్షమాపణ చెప్పు. కార్డు కనుక పోస్టుమాన్‌తో సహా అందరూ చదివారు. హెడ్డుగారు ఆ తర్వాత ఆపా ఎదురుపడితే పక్క వరండాలోంచి పోయేవారు.

నాకు పీహెచ్‌డీ రాలేదు. మాచర్లలో జూనియర్ కాలేజీ లెక్చరరునై రిటైరయ్యాను. రోళ్లు తిప్పి పంపిన రెండేళ్లకు ఆ ప్రయోగం గురించి విదేశీ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రొఫెసరుగారు పంపించారు. రాసినవాళ్ల పేర్లే ఒక పేజీ. అన్నిటికన్నా చివర, సన్నటి అక్షరాల్లో, ఫిల్ములు చూసినవాళ్లకు కృతజ్ఞతలు. అందులో మేమిద్దరం ఉన్నాం. అక్షరక్రమంలో ఆవిడ పేరు ముందొచ్చింది! ఆపా ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని, ఇంగ్లీషులో తన పేరు ఎక్కడుందో నన్ను చూపించమంది. చూపించాను. పక్కన నాదెక్కడుందో కూడా అడిగింది.

ఇదంతా రాసి చదువుకుంటే ఒక సంగతి తట్టింది. ఇది ఒక్కరి పుస్తకం. ఆవిడ పుస్తకం ఇక రాదు. ఆవిడలో నాకు కనపడకుండా పోయింది ఎంతో, అంచనా కట్టే దారి లేదు. అందుకని ఇంకొక్క మధ్యాహ్నం గురించి చెప్పి ఆపేస్తాను.

ఆ మూడు రోళ్లూ మళ్లీ చూశాం. ఈసారి నా సొరుగులో నాది, ఆవిడ సొరుగులో ఆవిడది. ప్రొఫెసరుగారు వచ్చి లెక్కగట్టి, "ఈ మూడింటిలో మీ ఇద్దరికీ కనపడనివి ఇంకొక రెండు దాకా ఉండొచ్చు" అని చెప్పి, పుస్తకాలు తీసుకుని వెళ్లారు. రోళ్లు మర్నాడు పార్సిలు కట్టాలి. లెక్క ముగిసిపోయింది కనుక ఇప్పుడు ఏం దొరికినా ఎక్కడా రాయడానికి వీల్లేదు. రాసినా ఎవరికీ అక్కరలేదు.

ఆపా మూడో రోలు ఎక్కించి, "రావే" అంది.

మొదటిసారి ఇద్దరం ఒకే టేబుల్ మీద తలలు వంచాం. హ్యాండిల్ ఆవిడ చేతిలో. ఫోటో తర్వాత ఫోటో, ఒకే వేగంతో తిప్పుతోంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. కొంతసేపటికి ఆపా తల ఎత్తకుండానే, "ముందు నువ్వే చూడాలనుకుంటున్నావు గదే?" అంది.

"అవును."

"నేనూ అంతే" అంది.

ఇద్దరం నవ్వాం గానీ కళ్లు తిప్పలేదు. రోలు సగం దాటింది. వేరే ఏమీ లేదు, గీతలు, గీతలు. అప్పుడు ఒక ఫోటో వచ్చింది. మిగతా ఫోటోలలాంటిదే. తర్వాతది వస్తుందని చూశాను. రాలేదు. ఆ మూలా ఈ మూలా వెతికాను, ఏమీ లేదు. ఎందుకు తిప్పదు అనుకుంటూ కొంచెం వెనక్కి జరిగాను. అప్పుడు కనపడింది. అంచు దగ్గర చిన్న కొంకి, చాలా దూరం ఖాళీ, ఆ తర్వాత వెంట్రుకంత పంగ.

"ఇదిగో! ఇదిగో ఆపా! నేనే ముందు చూశాను!"

"అబ్బ! ఏదీ? నాకు కనపళ్లేదే!" అంది.

నిజంగానా అని అడుగుదామని ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ టేబుల్ వైపు కాక ఎదురుగా నల్లగుడ్డ వైపు చూస్తోంది. నాకప్పుడు కలిగిన అసూయ అంతకుముందెప్పుడూ కలగలేదు, ఇప్పటికీ తీరలేదు. ఆ పని నేనైతే చచ్చినా చేయగలిగేదాన్ని కాదు. టేబుల్ మీద వెలుగులో ఆవిడ కుడిచెయ్యి ఒక్కటే కనపడుతోంది. హ్యాండిల్ పట్టుకుని, తిప్పకుండా, ఎప్పటినుంచో అలాగే ఆగి ఉంది.